మన వైపు వింత విషయాలు ఏమన్నా ఉంటే చెప్పండబ్బా

నెల్లూరోడు: రాత్రి కరెంటు పోయి కూర్చోనుంటే మా బావ అన్నాడు, బ్రెజిల్‌లో ఆవులకి మన నెల్లూరు పేరుందంట. నిజమేనా లేక వాట్సాప్ కథా?

ఒంగోలు గిత్త: నిజమే తమ్ముడూ. నెలోర్ అంటారు అక్కడ, కానీ అది మన ఒంగోలు జాతే, అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లా పెట్టినప్పుడు అటు పోయింది, అందుకే పేరు మీకొచ్చింది పశువు మాది. 1868లో ఇంగ్లండ్ పోతున్న ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో ఆగితే అందులో ఉన్న ఒంగోలు పశువుల జంటని అక్కడే అమ్మేశారంట. వయాటినా 19 అని ఒక నెలోర్ ఆవు ఉంది, 2023 వేలంలో దాని ధర 40 లక్షల డాలర్లు దాటింది, గిన్నిస్ ఎక్కింది. ఇక్కడేమో ట్రాక్టర్లొచ్చాక గిత్తల్ని ఎవురు మేపతన్నారు, సంక్రాంతి పందేలప్పుడు చూట్టమే!

కందుకూరు కుర్రాడు: అదే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పనిగట్టుకోని గుంటూరొచ్చి చూశాడు. ఆ గ్రహణమప్పుడు సూర్యుడి అంచు వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే కనపడిన పసుపు గీతే తర్వాత హీలియం అనే వాయువుదని తేలింది. భూమ్మీద దొరికింది మాత్రం 1895లో. తిరనాళ్ళలో బుడగలు కొనేటప్పుడు ఎవురికన్నా తెలుసా ఇది

నెల్లూరోడు: హీలియం సరే అన్నా, ఆవు పేరు మాత్రం మాదే, తిరిగియ్యం 😄

ఒంగోలు గిత్త: పేరుంచుకోండయ్యా, పాలు మాకియ్యండి