ఫొటో చూసి డిజైన్ వస్తువును ఎంచుకోవచ్చా?

(ఇంటి వస్తువుల చిత్రాలు పంచుకునే ఒక వేదికలో సభ్యుల మధ్య సాగిన చర్చ ఇది. మాటల ముందున్నవి వారి మారుపేర్లు.)

గూటిదీపం:

ఇంటికి పనికివచ్చే తెలివైన, అందమైన వస్తువులను ఇప్పుడు మనలో చాలామంది తెర మీదే కనిపెడుతున్నాం. వేలితో తెరను జరుపుతూ పోతుంటే ఒక దీపమో, గోడ గడియారమో, కూజానో కంటపడుతుంది. బాగుందనిపిస్తే దాచుకుంటాం, మరీ నచ్చితే తెప్పించుకుంటాం. ఈ పద్ధతి ఒకే రకం తెలివికి పట్టం కడుతోందని నా వాదన. ఒక్క చూపులో అర్థమైపోయే తెలివి ఫొటోలో నెగ్గుతుంది. చేతికి మాత్రమే తెలిసేది, ఏళ్లు గడిస్తేగాని బయటపడనిది అక్కడ వెనకబడిపోతుంది.

రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు కొలత కప్పుకు గీతలు పక్క గోడ మీద ఉంటాయి కాబట్టి, ఎంత పోశామో తెలియాలంటే నడుము వంచి కంటిని గీత ఎత్తుకు తేవాలి, లేదా కప్పును పైకెత్తి పట్టుకోవాలి, ఎత్తినప్పుడు లోపలి ద్రవం కదిలి మళ్లీ అనుమానం. ఆక్సో సంస్థ చేసిన కప్పులో లోపలివైపు ఏటవాలుగా ఒక పట్టీ ఉంటుంది, అంకెలు దాని మీద ఉంటాయి. నిలబడినచోటు నుంచే, పోస్తూ పోస్తూనే, పైనుంచి చదువుకోవచ్చు. ఫొటోలో మాత్రం అది ఒక ప్లాస్టిక్ కప్పు, అంతే. రెండోది, ఫిలిప్ స్టార్క్ అలెస్సి సంస్థ కోసం రూపొందించగా 1990లో వచ్చిన జూసీ సాలిఫ్ అనే నిమ్మరసం పిండే సాధనం. పోత పోసిన అల్యూమినియంతో, మూడు సన్నటి పొడవాటి కాళ్ల మీద నిలబడిన ఆ రూపం ఏ కోణం నుంచి తీసినా ఫొటోకు కళ తెస్తుంది. గింజలను ఆపే జల్లెడ మాత్రం దానికి లేదు. మనం పంచుకునే చిత్రాల్లో ఎక్కువసార్లు కనబడేది ఏదో చెప్పనక్కరలేదు.

తెల్లగోడ:

గూటిదీపం గారూ, మీ పోలికలోనే తీర్పు దాగి ఉంది. నిమ్మరసం పిండటం అనే ఒక్క పనిని కొలబద్దగా తీసుకుంటే జూసీ సాలిఫ్ ఓడిపోతుంది, నిజమే. కానీ ఆ కొలబద్దను దాని తయారీదారులే పక్కన పెట్టేశారు కదా. దానికి పదేళ్లయిన సందర్భంగా బంగారు పూతతో ప్రత్యేకంగా చేసినప్పుడు, పులుపు తగిలితే పూత పాడవుతుంది కాబట్టి దీన్ని రసం పిండటానికి వాడవద్దని వారే రాసి ఇచ్చారు. వాడుకలో సౌలభ్యం గురించి అందరికంటే గట్టిగా మాట్లాడిన డొనాల్డ్ నార్మన్ ఆ బంగారు పూత వస్తువునే కొని, రసం తీయడంలో దానికి సున్నా మార్కులు వేసి, అయినా దాన్ని ఇంటి ముందు గదిలో గర్వంగా పెట్టుకున్నానని రాశారు.

రోజులో కొన్ని నిమిషాలే చేతిలో ఉండి, మిగతా సమయమంతా కళ్ల ముందే ఉండే వస్తువులు మన ఇళ్లలో ఎన్ని లేవు? అలాంటి వాటికి చూపే ప్రధానమైన వాడుక. దాన్ని ఫొటో బాగా చూపిస్తే అందులో అన్యాయం ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు.

పాతమేజా:

చూపు ప్రధానమైన వస్తువుల సంగతి సరే, మిగతా వాటి మాట ఏమిటి? బల్ల మీద పెట్టుకునే దీపాన్నే తీసుకుందాం. కార్ల సస్పెన్షన్ మీద పనిచేసిన జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజనీరు 1932లో స్ప్రింగుల సమతూకంతో నిలిచే దీపపు చేతికి పేటెంట్ తీసుకున్నారు. యాంగిల్‌పాయిజ్ అనే పేరుతో వచ్చిన దీపాలకు అదే మూలం. దాని గొప్పతనం ఏమిటంటే, డోమును ఒక్క వేలితో నెట్టి ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోతుంది, మర బిగించే పని లేదు, రెండో చెయ్యి సాయం అక్కరలేదు. దాన్ని చూసి చేసిన నకళ్లు లెక్కకు మించి ఉన్నాయి. ఫొటోలో అసలుకూ నకలుకూ తేడా కనబడదు. స్ప్రింగుల బిగువును దీపపు తల బరువుకు సరిగ్గా కుదర్చని నకలు మాత్రం, ఎంత ఎత్తి నిలిపినా, చదువుతున్న పుస్తకం మీదికి మెల్లగా ఒరిగిపోతుంటుంది. ఆ చిరాకు ఏ చిత్రానికీ అందదు.

రెండో సంగతి కాలం. డీటర్ రామ్స్ 1960లో రూపొందించిన 606 అనే గోడ అరల వ్యవస్థను విట్సో సంస్థ నేటికీ తయారుచేస్తోంది, ఈనాడు కొన్న అరను ఎప్పుడో బిగించిన పాత పట్టాలకు తగిలించుకోవచ్చు. ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు, పుస్తకాలు పెరిగితే మరో అర కలుపుకోవచ్చు. ఫొటో చూసేవారికి అది గోడకు బిగించిన సన్నటి లోహపు పలక. ఇంకా చెప్పాలంటే కాస్త నీరసంగా కూడా ఉంటుంది. అందువల్ల ఒక వస్తువు నచ్చినప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్న, దీనిలో ఒక ముక్క పోతే ఆ ముక్క విడిగా దొరుకుతుందా అన్నదే. దానికి జవాబు లేకపోతే అది ఎంత అందంగా ఉన్నా నా జాబితాలోకి రాదు.

ఊహారేఖ:

పై ముగ్గురి మాటల్లోనూ ఒక సౌకర్యం కనబడుతోంది: వస్తువును చేతిలోకి తీసుకుని చూసే అవకాశం అందరికీ ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ఏది మంచి డిజైనో చాలాకాలం పాటు మ్యూజియం క్యూరేటర్లు, ఖరీదైన పత్రికలు, పెద్ద నగరాల్లోని కొద్దిపాటి దుకాణాలు నిర్ణయించాయి. వారిలో ఉదారులు లేకపోలేదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1938లోనే అయిదు డాలర్ల లోపు దొరికే ఇంటి సామాన్ల ప్రదర్శన పెట్టింది. అయినా దాన్ని చూడాలంటే ప్రదర్శన ఉన్న ఊరికి వెళ్లగలగాలి. ఫొటో ఆ గడపను చెరిపేసింది. అందులోని లోపాలను ఎంచేటప్పుడు ఈ మేలును మరిచిపోవడం న్యాయం కాదు.

ఇక చేతికి తెలిసే తెలివి చిత్రంలో కనబడదన్న మాటను నేను అసలు ఒప్పుకోను. నావోటో ఫుకసావా రూపొందించిన, ముజి సంస్థ అమ్మిన గోడ సీడీ ప్లేయర్‌ను చూడండి. తెల్లటి చదరపు పెట్టె, మధ్యలో మూత లేకుండా తెరిచి ఉన్న డిస్కు, కింద వేలాడుతున్న ఒక తాడు. గోడకు బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యానును తాడు లాగి తిప్పడం ఎరిగినవారికి ఆ బొమ్మ చూడగానే చెయ్యి ముందుకు వెళ్లాలనిపిస్తుంది. లాగితే డిస్కు తిరగడం మొదలై పాట వస్తుంది. సూచనల పుస్తకం ఎందుకు? తాకకుండానే ఆ తెలివి అంతా చేతికి అందింది. మరి ఫొటో చేసిన నేరం ఏమిటి?

గూటిదీపం:

ఊహారేఖ గారి ఉదాహరణ చక్కగా ఉంది, కానీ అది నా వాదనకే బలం ఇస్తుందని అనుకుంటున్నాను. ఆ తాడు మనకు అర్థమైంది ఫ్యాను తాడును మన చెయ్యి ముందే ఎరిగి ఉండటం వల్ల. చేతికి తెలిసినదాన్ని ఫొటో గుర్తుచేయగలదు. తెలియనిదాన్ని కొత్తగా నేర్పలేదు.

ఇదే అలెస్సి సంస్థ నుంచి వచ్చిన రెండు కెటిళ్లను చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1985లో మైకేల్ గ్రేవ్స్ చేసిన కెటిల్ కొమ్ము మీద చిన్న పక్షి కూర్చుని ఉంటుంది, నీళ్లు మరిగితే ఈల వేస్తుంది. ఆ పక్షిని చూడగానే నవ్వు వస్తుంది, కాబట్టి ఫొటోలో దాని పని సగం పూర్తయినట్టే. అంతకు రెండేళ్ల ముందు, 1983లో, రిచర్డ్ సాపర్ చేసిన కెటిల్‌కు రెండు ఇత్తడి గొట్టాలున్న ఈల ఉంటుంది. ఒకటి పాశ్చాత్య సంగీతంలోని ఇ స్వరానికి, రెండోది బి స్వరానికి శ్రుతి చేసినవి. చెవిని కోసే కూతకు బదులు రెండు స్వరాలు కలిసి పలుకుతాయి. మామూలు కెటిల్ కూత ఎప్పుడు ఆపుదామా అనిపిస్తుంది కదా, అక్కడే ఆయన మనసు పెట్టారు. ఫొటోలో మనకు కనబడేది మెరిసే గుమ్మటం, ఒక ఇత్తడి ముక్క. చిత్రాలనే నమ్ముకున్నవారు పక్షిని ఎంచుకుంటారు. పక్షి చెడ్డదని నేను అనడం లేదు. రెండింటి మధ్య పోటీయే జరగలేదని అంటున్నాను.

మ్యూజియం గడప సంగతికి వస్తే, దాన్ని తీసేసినందుకు నాకూ సంతోషమే. పాత గడప స్థానంలో కొత్తది వచ్చిందని మాత్రం గమనించాలి: తెల్లటి నేపథ్యంలో, చదరపు చట్రంలో, అర క్షణంలో చూపును ఆపగలగడం.

నీటిచుక్క:

వాదన మధ్యలో ఒక చిన్న ఆచరణ విషయం. ప్లూమెన్ 001 అనే బల్బు 2010లో వచ్చి, మరుసటి ఏడాది లండన్ డిజైన్ మ్యూజియం ఇచ్చిన ఆ ఏటి ఉత్తమ డిజైన్ బహుమతిని గెలుచుకుంది. గొట్టాన్ని ఒంపులు తిప్పి, దాచుకోవలసిన సీఎఫ్ఎల్ బల్బును చూపించుకోదగినదిగా మార్చారు. దాని రూపం ఫొటోలో పూర్తిగా కనబడుతుంది. గదిలో అది పరిచే వెలుతురు రంగు, ఆ వెలుతురులో మనుషుల ముఖాలు ఎలా కనబడతాయన్నది కనబడదు. కాబట్టి ఇక్కడ వస్తువుల చిత్రాలు పెట్టేవారు కింద నాలుగు మాటలు చేర్చాలని నా సూచన: ఎత్తు ఎంత, బరువు ఎంత, దేనితో చేశారు, ఎలా శుభ్రం చేయాలి. ఎత్తు రాయకపోవడం వల్ల అరచేతిలో పట్టే పూలకూజాను మోకాలి ఎత్తు ఉంటుందని ఊహించుకునేవారు తక్కువేమీ కాదు.

తెల్లగోడ:

ఎత్తు రాయడం వరకు నీటిచుక్క గారితో ఏకీభవిస్తాను. మిగతావన్నీ తప్పనిసరి చేస్తే ఇది సామాన్ల పట్టీ అవుతుంది, ఎవరూ కొత్త వస్తువును పంచుకోరు.

గూటిదీపం గారి కెటిళ్ల మాటకు నా జవాబు ఒక్కటే. డిజైనర్లు జాస్పర్ మారిసన్, ఫుకసావా కలిసి 2006లో టోక్యోలో సూపర్ నార్మల్ అనే ప్రదర్శన పెట్టారు. కంటికి కొట్టొచ్చినట్టు కనబడని, వాడుకలోనే మంచితనం తెలిసే సాధారణ వస్తువులను దాదాపు 200 దాకా ఏరి తెచ్చారు. మీరు కోరుతున్నవి సరిగ్గా అలాంటివే. వాటిని జనానికి పరిచయం చేయడానికి వారు చేసింది ఏమిటి? ప్రదర్శనలో వరసగా పేర్చి చూపించారు. వాడుకను గౌరవించిన ఆ ఇద్దరికీ చూపు అవసరమైంది. నేనైతే చిత్రాలు పెడుతూనే ఉంటాను, ఈల ఎలా ఉంటుందో తెలిసినవారు కింద రాయండి.

పాతమేజా:

రాస్తాం. విడిభాగాల సంగతి కూడా అడుగుతాం, విసుక్కోకండి.