సముద్రం చూపించినోనికి కడపలో ఏం చూపించల్ల?

బండలంగడి, కడప:

అందరికీ నమస్కారం. మే నెల రెండో వారంలో విశాఖ నుంచి నా స్నేహితుడు వస్తాండాడు. మూడు దినాలు ఉంటాడు. వానికి ఈడ ఏం చూపించల్లో నాకు దిక్కు తెలీడం లేదు. కత రొంత పొడుగు, విసుక్కోకండి.

2011లో ఒక ఉద్యోగం పరీక్ష రాయడానికి విశాఖ పోయినా. అప్పటికి నాకు 24 ఏండ్లు. సముద్రం చూసిన మొకం కాదు. మా ఊర్లో బుగ్గవంకకు రొంత నీళ్ళొస్తేనే వంతెన మీద నిలబడి చూసేటోళ్ళం. పరీక్షలో వీనిది నా ఎనక బెంచీ. బయటికొచ్చినాక "రైలెప్పుడు?" అన్నాడు. రాత్రికి అన్నా. "సముద్రం చూసేవా?" లేదన్నా. ఇంగ మాటల్లేవు, నా సంచీ వాడే భుజానికేసుకోని ఆర్కే బీచ్‌కు తోలకపోయినాడు.

చెప్పులు చేతిలో పట్టుకోని నీళ్ళలో నిలబడినా. అల వచ్చి ఎనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారిపాయ. గుంత పడి నేను ఎల్లకిలా పడబోతే రెక్క పట్టుకున్న్యాడు. "నిన్నేటీ లాగట్లేదురా, ఇసకని లాగుతోందంతే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆ రాత్రి రైలు తప్పించి వాళ్ళింట్లోనే పెట్టుకున్న్యాడు. కాగితం పొట్లంలో నిమ్మకాయ పిండిన మురీ మిక్చర్, ఒడ్డు మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, మర్నాడు పొద్దున్నే బండి మీద రుషికొండ, తొట్లకొండ, భీమిలి దాకా. జలాంతర్గామి పొడవు 91 మీటర్లంట, ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా ఉండేటోళ్ళంట. తలకాయ రెండుసార్లు కొట్టుకున్న్యా. మధ్యాన్నం వాళ్ళమ్మ వంజరం పులుసు పెట్టింది. ముల్లు తీయడం నాకు రాకపోతే ఆమే తీసి పెట్టింది.

ఉద్యోగం ఇద్దరికీ రాలేదు. వాడు పోర్టు కాడ ఏదో కంపెనీలో చేరినాడు, నేను మా నాయన బండల అంగడిలో కూచున్న్యా. ఇన్నేండ్లకు వాడు కడపకు వస్తానంటాండాడు. ఈడేముందబ్బా? ఎండ, రాళ్ళు. రాళ్ళయితే నా అంగట్లోనే శానా ఉండాయి.

---

ఐదింటికే లేస్తా:

మే నెలలోనా! ముందు ఆయప్పకు ఒక టోపీ, మెడకు తుండుగుడ్డ కొనిపెట్టు. తర్వాత ప్లాన్ మాట్లాడుకుందాం.

గండికోటకు పోకుండా పంపితే నువ్వు కడపోనివే కాదు. అయితే పొద్దున పదిగంటలకు బయల్దేరే రకం అయితే వద్దు. మా బావమరిది పెండ్లైన కొత్తలో భార్యను తీసుకోని సరిగ్గా మిట్టమధ్యాన్నం పోయినాడు, కోట రాళ్ళ మీద ఆ యమ్మ కండ్లు తిరిగి పడిపోతే జమ్మలమడుగు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినారు. ఈ పొద్దుటికీ ఆ ఇంట్లో గండికోట అనే మాట ఎత్తరు. కాబట్టి ముందురోజు సాయంత్రమే పోయి ఆడే పండుకోండి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. తెల్లారి ఐదింటికి లోయ అంచుకు పోతే ఎర్రమల కొండల్ని పెన్న ఎట్ల కోసిందో వెలుతురు పడేకొద్దీ కనిపిస్తాది. ముందు నల్లగా, తర్వాత ఊదారంగు, ఆపైన ఇటుకరంగు. అంచున కమ్మీలు గిమ్మీలు ఉండవు, ఫోటోలకు ఎనక్కి నడవద్దని చెప్పు.

ఎండ ముదిరేలోపు మాధవరాయని గుడి, జామియా మసీదు, దాని పక్కనున్న ధాన్యాగారం చూడండి. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చినాడు. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురముండారు. గైడ్లు చెప్పే కతల కంటే ఆడ అరుగు మీద కూచున్న ముసలాయనతో మాట్లాడించు.

రెండో దినం బెలుం గుహలు. భూమి కింద 3,229 మీటర్లు కొలిచినారు, మనల్ని పోనిచ్చేది అందులో సగం లోపలే. లోపల చల్లగా ఉంటాదని చెప్పి తోలకపోవద్దు, చొక్కా పిండుకునేంత ఉక్క. వైజాగోనికి ఇంట్లో ఉన్నట్టే ఉంటాదిలే.

---

ఐటీ మామ:

ఎందుకీ తిప్పలు, బెంగళూరు తోలకపో. నంది కొండలు, మాల్, మెట్రో. చల్లగా ఉంటాది.

---

బండలంగడి:

మామా, వాడు అడిగింది కడప.

ఐదింటికే లేస్తా గారూ, మీది రాసుకున్న్యా. టోపీ గూడ.

నాకు ఇంగో ఆలోచన ఉంది. మైలవరం డ్యాము కాడ నీళ్ళు శానా కనిపిస్తాయి కదా, ఆడికి తోలకపోయి "ఇదే మా సముద్రం" అంటే ఎట్లుంటాది? చేపలు గూడ దొరుకుతాయి ఆడ.

---

ఉప్పుగాలి:

అలా చెయ్యకండి బాబూ. మాది భీమిలి దగ్గర, ఇక్కడికి కోడలిగా వచ్చి ప్రొద్దుటూరులో తొమ్మిదేళ్ళు. నేను వచ్చిన కొత్తలో మా మావయ్యగారు సరిగ్గా ఇదే చేసేరు. ఆ డ్యామ్ గట్టు మీద నిలబెట్టి "చూడమ్మా, మీ సముద్రం కంటే తక్కువా?" అన్నారు. ఏటి చెప్తాం? బాగుంది మావయ్యా అన్నాను. ఇంటికొచ్చి ఏడ్చేను. దిగులు తగ్గడానికి తీసికెళ్ళేరు పాపం, పెంచేసేరు.

మాకు సముద్రం అంటే ఇంటెనక పెరడండి. దానికి సాటి వచ్చేది ఏదో చూపించాలని మీరు ఆయాసపడితే అక్కడే తేలిపోతారు. నాకు ఈ ఊరు నచ్చింది ఎప్పుడో చెప్పనా? ఒకరోజు పొద్దున్నే మా ఆడబిడ్డ బండి మీద టిఫిన్‌కి తీసికెళ్ళింది. పెనం మీద దోశ, దాని మీద ఎర్రకారం చేత్తో పులిమి, పప్పుల పొడి చల్లి, మడతపెట్టి ఇచ్చేడు. రెండు ముక్కలకే ముక్కు కారిపోయింది, అయినా ఆపలేకపోయేను. అలాంటిది పెట్టండి. మధ్యాహ్నం సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి (వేరుసెనగల పచ్చడి). సంగటి నమలకూడదని ముందే చెప్పండి, నాకెవరూ చెప్పలేదు. తుంచి పులుసులో ముంచి మింగడమేనని తెలియక అరగంట నమిలేను, అందరూ నవ్వేరు. ఎండపూట నన్నారి షర్బత్. చేప మాత్రం పెట్టకండి, మీ పుణ్యం ఉంటుంది.

---

చాక్‌పీసు:

నేను ప్రొద్దుటూరు దగ్గర ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అడిగినవారు బండల వ్యాపారి అని చదివి నవ్వుకున్నాను. అయ్యా, కడపకు సముద్రం లేదని మీరెలా అంటారు? మీరు చదరపు అడుగు లెక్కన అమ్ముతున్నది అదే కదా!

మన నేల కింద ఉన్నదాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి నాపరాయి అయింది. మీ మనిషి ఉలి పెట్టి కొడితే బండ అట్టులాగా లేచి వస్తుందే, అది ఆ పొరలు పేరుకున్న తీరు వల్లే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి మీకు వచ్చే సరుకును పుస్తకాల్లో నార్జి సున్నపురాయి అంటారు. వేంపల్లె వైపు రాళ్ళు ఇంకా పాతవి, 190 కోట్ల ఏళ్ళకు పైమాటే. వాటిలో ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. అవి ఆనాటి సూక్ష్మజీవులు నీటి అడుగున చాపలాగా పరుచుకుని, పొర మీద పొర కట్టిన గుర్తులు. చేప పుట్టకముందు, చెట్టు పుట్టకముందు సంగతి. స్ట్రొమటోలైట్లు అంటారు.

ఇక మీ మిత్రుడికి చూపించవలసిన వస్తువు గండికోటలో ఉంది. అక్కడిది నాపరాయి కాదు, ఇసుక గట్టిపడి రాయి అయినది, క్వార్ట్‌జైట్. తెల్లవారి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పరుపు బండల మీదికి వంగి చూడండి. కొన్నింటి మీద వేలెడు వేలెడు ఎడంతో సన్నని గట్లు వరసగా కనిపిస్తాయి. నీళ్ళు అటూ ఇటూ ఆడినప్పుడు ఇసుకలో పడే అలల మడతలు అవి. నడినెత్తిన ఎండలో వెతికితే కనపడవు, నీడ ఉండదు కాబట్టి. నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు చూపుతో కాదు, అరిచేత్తో వెతకమనేవాణ్ణి.

---

ఐదింటికే లేస్తా:

సార్, నేను గండికోటకు ఇరవైసార్లన్నా పోయింటా. ఆ గట్ల మీద కూచోని బిర్యానీ తిన్న్యానేమో గూడ.

---

బండలంగడి:

సార్, మీది చదివినాక అంగడి మూసేముందు ఒక బండను పక్క నుంచి చూసినా. పాలిష్ లేని పక్క. పదహైదేండ్లుగా ఆ గీతల్ని చూసి "ఈడ పగుల్తాది, ఈడ పగలదు" అని చెప్పడమే నాకు తెలుసు.

---

బండలంగడి:

మళ్ళ నేనే. వాడు వచ్చి పోయినాడు. అడిగి గమ్మునుండడం మర్యాద కాదని రాస్తాండా.

మొదటి దినం ఊరు బయటికి యాడికీ పోలేదు, ఎండ అట్లుండె. పొద్దున్నే కారం దోశ తిని, దేవుని కడపకు పోయినాం. ఉగాది రోజు ముస్లింలు గూడ ఈ గుడికొస్తారు, వెంకటేశ్వరసామి భార్య బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అంటారు అని చెప్తే వాడు నిలబడిపోయినాడు. ఆడ్నించి పెద్ద దర్గా. తలకు గుడ్డ కట్టుకోమంటే మీరు చెప్పి కొనిపించిన తుండుగుడ్డే పనికొచ్చింది. మధ్యాన్నం బ్రౌన్ గ్రంథాలయంలో ఫ్యాను కింద కూచున్న్యాం. 1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర ఈడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకోని తెలుగు రాతప్రతులు సరిదిద్దించినాడని వానికి తెలీదు. నిజం చెప్పల్లంటే, ఊర్లోనే పుట్టిన నేను గూడ లోపలికి పోవడం అదే మొదలు.

సంగటి నమలొద్దని చెప్పడం మర్చిపోయినా. నమిలినాడు.

రెండో దినం ఒంటిమిట్ట అనుకున్న్యాం, గుడి కాడ బండలు కాలి పోలేకపోయినాం. గర్భగుళ్ళో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారని, ఆంజనేయుడు ఉండడని కార్లో కూచోనే చెప్పి సాయంత్రానికి గండికోట దారి పట్టినాం. బెలుం పోనే లేదు, మళ్ళొచ్చినప్పుడు.

తెల్లారి లేపితే వాడు లోయ చూసి "అబ్బో" అని నాలుగు ఫోటోలు తీసుకున్న్యాడు. అంతే. నాకు రొంత నీరసమొచ్చింది. ఇంగ సార్ చెప్పినట్టు ఇద్దరం మోకాళ్ళ మీద కూచోని బండల్ని తడుముతాంటే, పక్కన ఫోటోలు దిగేటోళ్ళు ఏదో పోగొట్టుకున్న్యారా అని అడిగినారు. అరగంటకు దొరికింది. చాపంత బండ, దాని మీద వరసగా గట్లు. నేను నోరు తెరవకముందే వాడు చెప్పులిడిసి దాని మీద నిలబడినాడు.

"పోటు దిగిపోయేక తడి ఇసక ఇలాగే ఉంటాదిరా" అన్నాడు. కాలి వేళ్ళు ఆ గట్ల మధ్యలో పెట్టి కదిలిస్తాండాడు. "మరి జారట్లేదేటి?"

ఇది జారడం ఎప్పుడో మానేసిందిరా అన్నా.

ఆ మాటకు వాడు నవ్వలేదు. ఎండ మీదికొచ్చే దాకా ఆన్నే నిలబడినాడు, నేనే లాక్కొచ్చినా.

గండికోటలో రాయి తీసుకోనియ్యలేదు, అది తప్పు. కడపకొచ్చినాక అంగట్లో అడుగు పొడుగు నాపరాయి ముక్క, పొరలు బాగా కనిపించేది, కోయించి పేపర్‌లో చుట్టి ఇచ్చినా. దాంతోపాటు మా ఆవిడ ఊరిబిండి డబ్బా. నిన్న వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "ఇంత దూరం నుంచి రాయి మోసుకొచ్చేడేటి నాన్నా, మాకిక్కడ రాళ్ళు లేవా?" అని అరిచింది. డబ్బా ఖాళీ అయిందంట, ఇంగోటి పంపమనింది.