చందా ఇచ్చినవాడి పేరు బయటపెట్టాలా, వద్దా?

లెక్కల మాస్టారు:
ఇచ్చినవాడి పేరు బయటికి రాకుండా, బ్యాంకులో బాండు కొని పార్టీకి చందాగా ఇచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. పార్టీలకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని ఐదుగురు జడ్జీలూ ఒక్కమాట మీద చెప్పారు. అయినా మా స్టాఫ్ రూమ్‌లో సగం మంది ‘పేరు దాచితే తప్పేంటి’ అంటున్నారు. నా మటుకు నాకు, రూపాయి ఇచ్చినా పేరు తెలియాలి.

గ్రానైట్ బాబాయ్:
దాచాల్సిందే. నేనొకసారి ఒక పార్టీకి 2 లక్షలు ఇచ్చాను, రసీదుతో సహా. అవతలి పార్టీ గెలిచింది. నెల తిరక్కుండా నా మూడు లారీలు తూకం దగ్గర నాలుగు రోజులు నిలబడ్డాయి. కాగితాలన్నీ ఉన్నాయి. డ్రైవర్లకు బత్తా, కొన్నవాళ్ల తిట్లు, అన్నీ నాకే. బాండ్లు తెచ్చినప్పుడు అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు చెప్పిన కారణమూ ఇదే కదా, ఇచ్చినవాళ్లు కక్షసాధింపులకు భయపడుతున్నారని.

పాత సర్పంచ్:
మాస్టారూ, రూపాయి ఇచ్చినా అన్నారు. 20,000 దాకా అయితే పార్టీలు పేర్లు చెప్పక్కర్లేదని చట్టమే అంటోంది. మరి దాని సంగతి?

లెక్కల మాస్టారు:
బాబాయ్ గారూ, మీ 2 లక్షలకూ బాండ్లకూ పోలికేంటి? 1,000 రూపాయల బాండు కూడా ఉండేది, కానీ డబ్బు దాదాపు అంతా కోటి రూపాయల బాండ్లలోనే వచ్చింది. లాటరీల కంపెనీ ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్లు, మన హైదరాబాద్ కాంట్రాక్టు కంపెనీ మేఘా 966 కోట్లు ఇచ్చాయి. 2019 ఏప్రిల్ తర్వాత అందుకున్నవాళ్లలో బీజేపీ 6,000 కోట్ల పైచిలుకు, బీఆర్ఎస్ 1,200 కోట్ల పైన, వైసీపీ 330, టీడీపీ 210 దాటాయి. లాభాల్లో ఏడున్నర శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితిని కూడా 2017లో ఎత్తేశారు. అంటే కోర్టు కొట్టేసేదాకా నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వగలిగేది. నష్టాల్లో ఉన్నవాడికి దానబుద్ధి ఎందుకు పుడుతుందో మీరే చెప్పండి.

కాలవ పక్క ఇల్లు:
ఏ పార్టీకి ఎంత వస్తేనేం, మా వీధి కాలవ తీసినవాడు లేడు.

పాత సర్పంచ్:
20,000?

గ్రానైట్ బాబాయ్:
ఒకటో తారీఖున జీతం పడేవాళ్లకు ఏడున్నర శాతాలు బాగానే గుర్తుంటాయి మాస్టారూ. వ్యాపారం చేసి చూడండి.

లెక్కల మాస్టారు:
నా జీతం జోలికి రాకు. ఆ 2 లక్షలు దేనికిచ్చావో అది చెప్పు. వాళ్ల ఆశయాలు నచ్చా?

అట్లాంటా తమ్ముడు:
అన్నా, కొంచెం మర్యాద.

గ్రానైట్ బాబాయ్:
చెప్తా విను. క్వారీ లీజు రెన్యువల్‌కు వచ్చింది. వాళ్ల మనిషి వచ్చి నా బల్ల మీద రసీదు పుస్తకం పెట్టాడు. అంకె తనే రాసేశాడు, నన్నడగలేదు. ఇంటిపేరు ఎలా రాయాలని మాత్రం అడిగాడు. టీ తాగి వెళ్లాడు. దాన్ని చందా అంటారా? కప్పం. నువ్వేమో మేం ప్రభుత్వాల్ని కొనేస్తున్నట్టు మాట్లాడుతున్నావు. మా పేర్లు బజార్లో పెడతానంటావు, వసూలు చేసినోణ్ని ఒక్క మాటా అనవు!

లెక్కల మాస్టారు:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. ఇచ్చినవాణ్ని కొనుక్కునేవాడిగానే చూశాను, ఒప్పుకుంటున్నా. కానీ కప్పమే అయితే గుట్టు ఎవరికి లాభం? బాండు మీద యూవీ లైటు కింద మాత్రమే కనబడే నంబరు ఉండేది. అమ్మింది ప్రభుత్వ బ్యాంకైన స్టేట్ బ్యాంకు, కొన్నవాడెవడో దానికి తెలుసు, దాని ద్వారా పాలకులూ తెలుసుకోవచ్చు. (జూన్ 30 దాకా గడువు కావాలన్న ఆ బ్యాంకే, కోర్టు తిట్టిన మర్నాడే ఎవరు కొన్నారో, ఏ పార్టీ తీసుకుందో ఇచ్చేసింది; బాండ్ల నంబర్లు మాత్రం ఇంకోసారి తిట్టాక ఇచ్చింది.) ఇక తెలియనిది ఓటరుకొక్కడికే. ఎవరు, ఎప్పుడు, ఎంత ఇచ్చారో బయట ఉంటే, లీజు తేదీ పక్కన రసీదు తేదీ పెట్టి చూడొచ్చు. వసూలు చేసినోడు అప్పుడే దొరుకుతాడు.

గ్రానైట్ బాబాయ్:
దొరికేదాకా నా లారీలు ఎక్కడుంటాయి? తూకం దగ్గరికి నువ్వొచ్చి నిలబడతావా?

కాలవ పక్క ఇల్లు:
వచ్చేటప్పుడు మా వీధి మీదుగా రండి.

లెక్కల మాస్టారు:
ఆదివారమైతే వస్తాను. నిజంగానే అంటున్నా.

పాత సర్పంచ్:
అదంతా సరే. ఆ 20,000 సంగతి ఇంకా తేల్చలేదు.