జీడి కార్మికుల సంఘంలో ఉంటూ వాళ్ల వార్తలు రాయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది పలాస. పొద్దున ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను, మధ్యాహ్నం నుంచి ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌ని. ఫొటోలూ నేనే తీసుకుంటాను. మూడేళ్లుగా జీడి కార్మికుల సంఘంలో కూడా తిరుగుతున్నాను.

ఇక్కడ జీడిపిక్కలు కొట్టేది, పప్పు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. పిక్కలోంచి కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. మొన్న ఒకావిడ చేతుల్ని దగ్గరగా ఫొటో తీశాను. గోళ్ల చుట్టూ నలుపు, వేళ్ల మీద గీతలే చెరిగిపోయాయి. వేలిముద్ర పడక రేషన్ బియ్యానికి మూడుసార్లు తిరిగిందట.

ఆ ఫొటోతో వార్త పంపితే, "నువ్వు సంఘం మనిషివి, ఎవరు నమ్ముతారు?" అని డెస్క్‌లో పక్కన పెట్టేశారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ సంఘంలో తిరగబట్టే కదా ఆవిడ నా ముందు చెయ్యి చాపింది!

ఇలా రెండు పనులూ చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. నేను సంఘంలో ఉన్నానని వార్త కిందే రాసేస్తే సరిపోతుందా? ఫొటోలు మాత్రం నావి ఇచ్చి, రాత ఇంకొకరికి వదిలేయాలా? అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇంకోటి. మొహం లేకపోయినా, ఆ చేతుల్ని బట్టి యజమాని ఆవిడని పోల్చుకుంటే? ఆవిడైతే "వేసీ బాబూ" అంది. వేయొచ్చంటారా?