అప్‌డేట్: ప్రిజన్ ఆర్కిటెక్ట్‌లో భోజనాల వేళ గొడవలు తగ్గాయి

జైలు కట్టి నడిపే గేమ్ ప్రిజన్ ఆర్కిటెక్ట్ గురించి విశాఖ నుంచి ఇక్కడ అడిగింది నేనే. నా జైల్లో ఖైదీలు క్యాంటీన్‌లోనే కొట్టుకుంటున్నారు, గార్డులను పెంచినా ఆగట్లేదు అని రాశాను. గాజువాక అన్నయ్య ఒకరు "గార్డుల సంగతి తర్వాత తమ్ముడూ, ముందు వాళ్ల నీడ్స్ (అవసరాలు) చూడు" అన్నారు. ఆ మాటే పనిచేసింది.

నీడ్స్ రిపోర్ట్‌లో అన్నిటికంటే పైన ఆకలే ఉంది. ఖైదీలందరూ ఒకే గంటలో క్యాంటీన్‌కి వస్తుంటే, వంట అందక చాలామంది ఖాళీ కడుపుతోనే వెనక్కి వెళ్తున్నారు. రెజీమ్‌లో, అంటే ఖైదీల రోజువారీ టైమ్‌టేబుల్‌లో, మినిమమ్, నార్మల్, మాగ్జిమమ్ సెక్యూరిటీ వాళ్లకి భోజనం వేర్వేరు గంటల్లో పెట్టి, కిచెన్‌లో స్టవ్‌లు, వంటవాళ్లను పెంచాను. గొడవలు చాలావరకు తగ్గాయి. అక్కడి స్పూన్లు, ఫోర్కులు కూడా దొంగిలించి ఆయుధాలుగా వాడతారు కాబట్టి క్యాంటీన్ గుమ్మంలో మెటల్ డిటెక్టర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఫోన్ బూత్‌లు, విజిటేషన్ రూమ్ కూడా కట్టాను. ఇంటివాళ్లతో మాట్లాడే వీలుంటే ఖైదీలు నిజంగా నెమ్మదిస్తారు. ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చేది అదే.

సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్, అన్నయ్యకి మరీ మరీ.

ఇప్పుడు సొరంగాల టెన్షన్ పట్టుకుంది. టాయిలెట్ దగ్గర్నుంచి తవ్వుతున్నారు. కుక్కలను గోడల వెంట తిప్పాలా, సెల్ బ్లాకుల మధ్యా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.