కాంప్లెక్స్ ముందు రోడ్డు దాటడానికి బ్రిడ్జి కావాలా, ఎత్తు జీబ్రా కావాలా?

మూడులాంతర్లు:
విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ ముందు ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టాలని కొందరు, జీబ్రా గీతలున్న చోటే రోడ్డు ఎత్తు చెయ్యాలని కొందరు అంటున్నారు. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఏది పనికొస్తుంది? లెక్కతో చెప్పండి.

రోడ్డులెక్క:
బ్రిడ్జి అయితే కింద 5.5 మీటర్ల ఖాళీ వదలాలి. పలక మందం కలిపితే నడిచే మట్టం 6 మీటర్లు దాటుతుంది. మెట్టు 15 సెంటీమీటర్ల చొప్పున 40 ఎక్కి, 40 దిగాలి. 14 మీటర్ల రోడ్డుని నేల మీద 12 సెకన్లలో దాటగల మనిషి అన్ని మెట్లు ఎక్కడు, డివైడరు సందులోంచే దూరిపోతాడు. సైకిలు సంగతి చెప్పక్కర్లేదు. 12కి 1 వాలుతో ర్యాంపు వేస్తే ఒక్కో వైపు 72 మీటర్ల పొడవు, మధ్యలో ఆగే అరుగులు అదనం. అంత చోటు అక్కడ ఎవరిస్తారు?

గంటస్తంభం_సైకిలు:
ర్యాంపు బదులు లిఫ్టు పెట్టొచ్చంటారేమో, అది ఆగిన రోజు చక్రాల కుర్చీ మనిషికి దారే ఉండదు. అందుకని ఆ మాట కూడా వద్దు.

బస్సుస్టీరింగు:
ఎత్తు జీబ్రా అంటే ఇంకో స్పీడ్ బ్రేకరే కదండీ. ఫుల్ లోడు బస్సు దాని మీద పడితే వెనక సీట్లోవాళ్ల నడుం ఇరిగిపోద్ది. 108లో పేషెంటు ఉంటే?

రోడ్డులెక్క:
నడుం విరగ్గొట్టేది వీధిలో ఎవరికి వారు పోసుకునే దిమ్మ. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 చెప్పిన హంపు (స్పీడ్ బ్రేకరు) వేరు: 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి లెక్కగట్టింది. ఎత్తు జీబ్రా ఇంకా మెత్తన, పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. బస్సులు తిరిగే చోట ఆ పైభాగం 6 మీటర్లు ఉంచి, రెండు వైపులా 10 సెంటీమీటర్ల ఎత్తుకి 2 మీటర్ల వాలు ఇస్తే ముందు చక్రాలు దిగేసరికి వెనక చక్రాలు ఎక్కేసి ఉంటాయి.

బస్సుస్టీరింగు:
కాగితం మీద 10. తారు పోశాక 15. కొలిచేదెవరు?

రోడ్డులెక్క:
3 మీటర్ల అల్యూమినియం పట్టీ, స్పిరిట్ లెవెల్, టేపు. ముగ్గురు మనుషులు, పావుగంట పని. ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా కాంట్రాక్టరు మీదా, బాధ్యత ఉన్న సంస్థ మీదా లక్ష దాకా జరిమానాకి మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 198ఏ సెక్షను పెట్టారు.

బస్సుస్టీరింగు:
సెక్షను కాదు, 15 అయితే ఎవరు తవ్వి తీస్తారని అడుగుతున్నాను.

ఎత్తుబ్రిడ్జివాసి:
వాననీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. రోడ్డుకి అడ్డంగా 10 సెంటీమీటర్లు లేపితే ఎగువన చెరువే. దాటేవాడు చీలమండ దాకా నీళ్లలో దిగాలి.

రోడ్డులెక్క:
నిజమే, చాలాచోట్ల చెడిపోయేది అక్కడే. ఎత్తు చేసిన భాగాన్ని రెండు అంచులకీ ఆనించకూడదు. కాలవ పక్కన 20 సెంటీమీటర్లు వదిలి ఇనుప జాలీ వెయ్యాలి. జాలీ కమ్మీలు సైకిలు వెళ్లే దిక్కుకి అడ్డంగా ఉండాలి. నిలువుగా పెడితే సన్నటైరు దిగబడి మనిషి ముందుకి పడతాడు.

గంటస్తంభం_సైకిలు:
గీతల రంగు కూడా. మామూలు పెయింటు తడిస్తే నున్నగా జారుద్ది. వేడి థర్మోప్లాస్టిక్ 2.5 మిల్లీమీటర్ల మందం వేసి, ఆరకముందే చదరపు మీటరుకి 250 గ్రాముల గాజుపూసలు చల్లితే రాత్రి లైట్లకి మెరుస్తాది. జారకుండా ఉండాలంటే గరుకు రకం అడిగి వేయించుకోవాలి. మధ్యలో ఆగే చోటు 2 మీటర్లకి తగ్గకూడదు. సైకిలు పొడవే దగ్గర దగ్గర 1.8, తగ్గితే వెనక చక్రం రోడ్డు మీదే ఉండిపోద్ది.

మూడులాంతర్లు:
ఒక మాట. కొందరు కోట దారిలో కూడా బ్రిడ్జి అంటున్నారు. పైడితల్లి గుడి నుంచి కోట దాకా సిరిమాను (పండగలో ఊరేగించే పొడవాటి మాను) తిరిగే దారికి అడ్డంగా ఏదీ కట్టలేం.

పళ్లబజారు:
ఇంతసేపు ఎత్తు, రంగు, జాలీ. అసలుది దాస్తున్నారేం? జీబ్రా దగ్గర చూపు ఆనాలని చెప్పి ముందుగా లేపేసేది మా తోపుడు బళ్లనీ, ఆటోలనీ. బ్రిడ్జి అయితే స్తంభాల పక్కన మా చోటు మాకుంటాది. అందుకే బ్రిడ్జి అంటున్నాం.

రోడ్డులెక్క:
ఇది ముందే అని ఉంటే బాగుండేది. బండి చాటు నుంచి పిల్ల అడుగేస్తే డ్రైవరుకి కనిపించదు, అందుకే ఖాళీ అడుగుతున్నాం. ఎంత ఖాళీ అనేది వేగాన్ని బట్టి. తేరుకోవడానికి ఒక సెకను, మామూలు బ్రేకు లెక్కేస్తే 50 వేగంలో బండి ఆగడానికి 33 మీటర్లు కావాలి, 25లో 12 చాలు. చదును రోడ్డు మీద ఉత్త గీతలే గీస్తే మీకు 33 మీటర్లు పోతాయి. ఎత్తు చేస్తే 12 పోతాయి. అదీ వాహనం వచ్చే వైపునే. జీబ్రా దాటాక అవతల బళ్లు పెట్టుకుంటే చూపుకి అడ్డం లేదు. బస్సు ఆగేది కూడా అవతలే కావాలి, దిగినవాళ్లు బస్సు వెనక నుంచి దాటుతారు.

పళ్లబజారు:
12 మీటర్లంటే ఆరు బళ్లు. ఆరు కుటుంబాలు. మీ లెక్కలో అవి ఎక్కడున్నాయి?

బస్సుస్టీరింగు:
అవతల ఆపితే వెనక బస్సు తోక జీబ్రా మీదకొస్తాది. రెండు బస్సులకి 25 మీటర్లైనా వదలాలి. అప్పుడు బళ్లకి అవతల కూడా చోటు లేదు.

రోడ్డులెక్క:
అయితే బస్సుల 25 మీటర్లు అయ్యాకే బళ్ల వరస మొదలవ్వాలి.

పళ్లబజారు:
అంత దూరం జనం నడిచొచ్చి అరటిపళ్లు కొంటారా? గేటు బయటే కొంటారు.

గంటస్తంభం_సైకిలు:
గేటు నుంచి మనుషులు ఏ వైపు తిరుగుతున్నారో చూసి జీబ్రానే జరపొచ్చు. జీబ్రా గేటుకి ఎదురుగానే ఉండాలని ఎక్కడా లేదు, నాలుగడుగులు అటో ఇటో అయినా జనం వాడతారు. యాభై అడుగులైతే వాడరు.

పళ్లబజారు:
అయితే తారు పొయ్యకముందు సున్నంతో గియ్యండి. 12 మీటర్లకి ఖాళీ డ్రమ్ములు పెట్టండి. ఆదివారం కాదు, సోమవారం పొద్దున్న 8 నుంచి 10 దాకా. ఆరు బళ్లూ అవతల పెట్టిస్తాను. బేరం ఏటవుద్దో చూశాకే నా మాట.

బస్సుస్టీరింగు:
ఆ రోజే టేపు కూడా తెండి.