యాభై అయిదు దాటినవారికే ఊరు: హక్కా, తప్పుకోవడమా?

గోదారిగట్టు (టాంపా)

మా ఆఫీసులో ఈమధ్య ఒకరి తరువాత ఒకరు పదవీ విరమణ చేస్తున్నారు. అందరూ 1946, 1964 మధ్య పుట్టిన బేబీ బూమర్లే. తరువాత ఎక్కడికి అని అడిగితే ఎక్కువగా వినిపించే పేరు ది విలేజెస్, ఫ్లోరిడాలో 55 దాటినవారికోసం కట్టిన ఊరు. టాంపాకు ఉత్తరాన గంటన్నర దారి. నేనూ వెళ్లి చూశాను. ఎటు చూసినా గోల్ఫ్ బండ్లే. వాటికి విడిగా దారులు, సొరంగాలు, వంతెనలు. సాయంత్రమైతే కూడళ్లలో పాటలు, వరుసలు కట్టి నాట్యాలు. ఈత కొలనులు, పికిల్‌బాల్ కోర్టులు, ప్రతి సరదాకూ ఒక సంఘం. ఊరు శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు. కాదనను.

నాకు మింగుడుపడనిది ఒక నియమం. అక్కడి పేటల్లో చాలావాటిలో 19 ఏళ్లలోపు వారు కాపురం ఉండకూడదు. మనవడు వచ్చినా ఏడాదికి 30 రోజులే. పిల్లలున్నారన్న కారణంగా ఇల్లు ఇవ్వకపోవడాన్ని ఈ దేశంలో 1988 చట్టం నిషేధించింది. అదే చట్టం వృద్ధుల నివాసాలకు మినహాయింపు ఇచ్చింది. 1995లో దాన్ని ఇంకా సడలించారు. వృద్ధులకు ప్రత్యేక వసతులు ఉండాలన్న షరతు పోయింది. నూటికి 80 ఇళ్లలో కనీసం ఒక్కరికి 55 నిండి, ఊరు తన ఉద్దేశాన్ని నియమంగా పాటిస్తే చాలు.

బూమర్ల తరంలో పుట్టినవారు సుమారు 7.6 కోట్లమంది. వారికోసం దేశమంతా బడులు కట్టింది, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తక్కువ ఫీజుకు చదువు చెప్పాయి. ఇప్పుడు వారే పిల్లలు కనపడని ఊళ్లకు వెళ్లి గేటు వేసుకుంటున్నారు. నాకిది తప్పుగానే తోస్తోంది. మీరేమంటారు?

పాత స్టెతస్కోపు (అరిజోనా)

నేను 1947లో పుట్టాను. 1965 వలస చట్టం తలుపు తీశాక వచ్చిన డాక్టర్లలో ఒకడిని. ఒహాయోలో ఉద్యోగ జీవితమంతా గడిపి, ఇప్పుడు మీరు తప్పు పడుతున్న లాంటి ఊళ్లోనే ఉంటున్నాను. కనుక ముద్దాయి తరఫు వాదన వినండి.

ముందు చరిత్ర సరిచేద్దాం. ఈ ఊళ్లను కనిపెట్టింది బూమర్లు కాదు, వారి అమ్మానాన్నలు. 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే కట్టడాల వ్యాపారి ఫీనిక్స్ పక్కన పత్తి చేల మధ్య సన్ సిటీ తెరిచాడు. కొన్ని నమూనా ఇళ్లు, ఒక గోల్ఫ్ మైదానం, ఒక దుకాణాల సముదాయం. పదివేలమంది వస్తారనుకుంటే మొదటి మూడు రోజుల్లో లక్షమంది దాకా వచ్చారు. ఎందుకు వచ్చారో ఊహించండి. 1959లో ఈ దేశంలో 65 దాటినవారిలో మూడోవంతుకు పైగా పేదలు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఇంకా లేదు, అది 1965లో వచ్చింది. ముసలితనం అంటే కొడుకు ఇంట్లో వెనక గది, కిటికీ పక్కన కుర్చీ. ఆ కుర్చీలోంచి లేచి ఈత కొట్టవచ్చని ఒకరు చెబితే జనం పరుగెత్తారు.

రాత్రి డ్యూటీలు చేసి చేసి నడుము విరిగినవాడిని. ఇప్పుడు పొద్దున్నే టెన్నిస్ ఆడి, మధ్యాహ్నం కుండలు చేయడం నేర్చుకుంటున్నాను. ఎవరి నోటి దగ్గరి కూడు లాక్కున్నాను?

గోదారిగట్టు (టాంపా)

డాక్టర్ గారూ, సన్ సిటీ మాట మీరే ఎత్తారు కనుక మిగతా కథ నేను చెబుతాను. ఆ ఊరు పియోరియా బడుల జిల్లాలో ఉండేది. పక్కనే పిల్లల సంఖ్య పెరుగుతోంది, గదులు చాలవు. బడుల కోసం బాండ్లు, అంటే పన్నుతో తీర్చే అప్పు, తేవాలని ఓటింగు పెడితే సన్ సిటీవారు గంపగుత్తగా వ్యతిరేకించి పదే పదే ఓడించారు. అలా ఏళ్ల తరబడి సాగాక, 1970ల మధ్యలో చివరికి ఆ ఊరినే బడుల జిల్లాలోంచి తీసేశారు. కూడు లాక్కోవడం అంటే ఇదే కదా? మీ కుండల మీద నాకు కోపం లేదు. ఒకే వయసువారిని ఒకచోట పోగేస్తే వారి ఓటు కూడా ఒకే వయసుదై కూర్చుంటుంది.

పన్నుల పద్దు (న్యూజెర్సీ)

లెక్కలు చూసుకునేవాడిని, ఆ వైపు నుంచి మాట్లాడతాను. మీరిద్దరూ బూమర్లంటే గోల్ఫ్ ఆడేవారే అన్నట్టు వాదిస్తున్నారు. నా దగ్గరికి పన్ను లెక్కలకు వచ్చే బూమర్లలో సగం మందికి ఆ ఊళ్లు సినిమా తెర మీద దృశ్యాలతో సమానం.

ఈ తరం నడుమ ఒక గీత ఉంది. ముందు పుట్టినవారిలో చాలామందికి కంపెనీ పింఛను దొరికింది: బతికున్నన్నాళ్లూ నెలనెలా ఇంత అని. 1978 పన్ను చట్టంలో 401కె అనే చిన్న సెక్షను చేరింది. అది పింఛనుకు బదులు వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. రెండు మూడేళ్లలో టెడ్ బెన్నా అనే సలహాదారు దాన్ని జీతంలోంచి పొదుపు మినహాయించే పథకంగా మలిచాడు. కంపెనీలకు భలే నచ్చింది, ఎందుకంటే మార్కెట్ పడితే నష్టం ఉద్యోగిదే. తరంలో చివరి సగం ఆ దారిలో పడింది. 1983లో ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీలో పూర్తి పింఛను వయసును 65 నుంచి మెల్లగా 67కు జరిపారు. 1960లోనూ ఆ తరువాతా పుట్టినవారందరికీ 67. తట్టుకోలేక 62కే తీసుకుంటే 30 శాతం కోత, జీవితాంతం. 70 దాకా ఆగగలిగితే 24 శాతం అదనం. ఆగగలిగేది ఎవరు? ఆరోగ్యం, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఉన్నవారు. ఇళ్ల కప్పులు వేసేవాడు ఆగలేడు.

ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం 55, 64 మధ్య వయసు కుటుంబాల్లో నూటికి నలభైకి పైగా ఇళ్లకు రిటైర్మెంట్ ఖాతాయే లేదు. 65 దాటినవారిలో దాదాపు అయిదుగురికి ఒకరు ఇంకా పని చేస్తున్నారు. 1980లలో అది తొమ్మిది మందికి ఒకరు. కొందరు ఇష్టంతోనే, మిగతావారు గత్యంతరం లేక.

మనవారికి ఇంకొక సంగతి చెప్పాలి. మన ఊళ్లో రిటైర్మెంట్ అంటే ప్రభుత్వం ఇచ్చే తేదీ. తెలంగాణ 2021లో 61 అంది, ఆంధ్రప్రదేశ్ 2022లో 62 అంది, ఆ రోజు శాలువా కప్పి పంపిస్తారు. అమెరికాలో చాలా ఉద్యోగాలకు అలా వయసు పేరుతో పంపడాన్ని 1986 చట్టం ఆపేసింది. కనుక ఇక్కడ ప్రతివాడూ ఎప్పుడు ఆగాలో తానే తేల్చుకోవాలి, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని. ఆ తరం విశ్రాంతి గురించి అంత హడావిడి పడుతోందంటే సగం కారణం ఇదే అని నా అభిప్రాయం.

ఓరుగల్లు కోట (ఆస్టిన్)

నాకు ముప్పై నాలుగు. ఇల్లు కొందామని తిరిగి తిరిగి విసిగినవాడిని. గోదారిగట్టు గారూ, మీరు పొరపాటు మనుషుల మీద కోపగించుకుంటున్నారు. ఫ్లోరిడా వెళ్లినవాడు కనీసం నాలుగు పడకగదుల ఇల్లు అమ్మి వెళ్లాడు. నాకు కోపం వెళ్లనివారి మీద! కాలిఫోర్నియాలో 1978లో ప్రొపోజిషన్ 13 వచ్చింది. కొన్న ధర మీద 1 శాతం ఆస్తిపన్ను, విలువ పెంపు ఏడాదికి 2 శాతానికి మించకూడదు. అప్పుడు కొన్నవాడు కట్టేది, పక్కింటికి ఇప్పుడు వచ్చినవాడు కట్టేదానిలో చిన్న ముక్క. కదిలితే ఆ లాభం పోయేది, అందుకే కదల్లేదు. తరువాత 55 దాటినవారికి నిబంధనలు సడలినా అలవాటు సడలలేదు. 50 దాటినవారిని అడిగితే నూటికి డెబ్బై అయిదు దరిదాపుల్లో సొంత ఇంట్లోనే ఉంటామంటారని పెద్దవారి సంఘమైన ఏఏఆర్‌పీ సర్వేలే మళ్లీ మళ్లీ చెబుతున్నాయి.

కాబట్టి నా ఓటు ది విలేజెస్‌కే. ఇంకా నాలుగు కట్టండి. అందరినీ తీసుకెళ్లండి. ఎవరూ దాన్ని వానప్రస్థం అని మాత్రం అనకండి. ఇల్లు అమ్మిన సొమ్ముతో అడవికి వెళ్లినవాడు మన పురాణాల్లో లేడు.

తెనాలి పిన్ని (ఫ్రిమాంట్, ఆరు నెలలకు)

బాబూ, నీ కోపం బాగుంది కానీ ఒక మాట అడుగుతాను. మీ అందరి వాదనలోనూ ముసలివాళ్లు ఎక్కడుండాలో మీరే నిర్ణయిస్తున్నారు. నేను అమ్మాయి పురుడుకు వచ్చాను. పార్కులో పొద్దున కనిపించే మనవాళ్లందరూ అంతే, పిల్లల బండి తోసుకుంటూ. విజయవాడలో బ్యాంకులో పనిచేసి విరమించినవారు, కాకినాడలో హెడ్మాస్టరుగా చేసినవారు, అందరూ వీసా గడువు లెక్కపెట్టుకుంటూ డైపర్లు మారుస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నాం, ఎవరూ బలవంతం చేయలేదు. కానీ గోదారిగట్టు గారు పిల్లలు లేని ఊరు అన్యాయం అంటున్నప్పుడు ఆ పిల్లలను చూసుకునేది ఎవరని అనుకుంటున్నారు?

మా పక్కింటి అమెరికావిడకు డెబ్బై. వారానికి రెండు రోజులు మనవరాలిని చూస్తుంది, మిగతా రోజులు ఫోను తీయదు. కూతురు సర్దుకుపోయింది. నాకు మొదట వింతగా ఉండేది, ఇప్పుడు అసూయగా ఉంది.

ఇంకొకటి. ఇక్కడ నాకు జ్వరం వస్తే గుండె దడ. మెడికేర్ మాకు వర్తించదు. గ్రీన్ కార్డు తీసుకున్న తల్లిదండ్రులైనా అయిదేళ్లు వరుసగా ఇక్కడ ఉంటే తప్ప దాన్ని కొనుక్కోవడానికి కూడా వీల్లేదు. ఆ తరానికి ఉన్న భద్రత చూసి మీరు వారిని స్వార్థపరులంటున్నారు. మాకూ ఉంటే మేమూ నేర్చుకునేవాళ్లమేమో.

పాత స్టెతస్కోపు (అరిజోనా)

పిన్నిగారూ, నమస్కారం. ముద్దాయికి మీకన్నా మంచి లాయరు దొరకడు.

అయితే ఎవరూ ఎత్తని అసలు చిక్కు నేనే ఎత్తుతాను. మా తరంలో మొదటివారికి 2026లో 80 నిండుతాయి. ఈ ఊళ్లు 62 ఏళ్ల మనిషిని మనసులో పెట్టుకుని కట్టినవి. గోల్ఫ్ బండి తోలగలవాడు, మెట్లెక్కగలవాడు, భార్యో భర్తో పక్కనున్నవాడు. 85 ఏళ్లకు స్నానం చేయించే మనిషి కావాలి. మెడికేర్ ఆపరేషన్లకు డబ్బిస్తుంది, ఆసుపత్రి తరువాత కొన్నాళ్ల నర్సింగ్ కూడా ఇస్తుంది. రోజూ ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి, పక్క మార్చే సేవకు ఏళ్ల తరబడి ఇవ్వదు. నా పేషెంట్లలో చాలామంది ఇది తెలిసిన రోజున నిర్ఘాంతపోయేవారు. ఉన్నదంతా ఖర్చయ్యాక పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం మెడికెయిడ్ ఆదుకుంటుంది, అంటే ముందు దివాలా తీయాలి. మా వీధిలో ఇప్పుడు ఉదయం ఏడింటికి వచ్చే కార్లన్నీ సహాయకులవే. వారు ఫీనిక్స్ అవతలి కొస నుంచి వస్తారు.

గోదారిగట్టు (టాంపా)

ఇదే నేను మొదట సరిగ్గా పట్టుకోవలసిన కొస. ఆ సహాయకురాలికి ఇద్దరు పిల్లలుంటే మీ వీధిలో ఇల్లు అద్దెకు దొరకదు, డబ్బున్నా సరే. ది విలేజెస్‌లో పనిచేసేవారి పిల్లల కోసం బడి ఉంది, మంచి బడే అంటారు. బడికి రావచ్చు, ఆటల మైదానం పక్కన కాపురం మాత్రం ఉండకూడదు. ఈ మధ్య ఉద్యోగుల కుటుంబాల కోసం పక్కనే మిడిల్‌టన్ అని వేరే బస్తీ కడుతున్నారు. నేనన్నదీ అదే. గేటు తీయకుండా గేటు బయట ఇంకో ఊరు కట్టారు.

మనవాళ్ల సంగతి కూడా దాచను. ది విలేజెస్‌కు దగ్గరలోనే టవేర్స్‌లో శాంతినికేతన్ ఉంది, 55 దాటిన భారతీయుల కోసం. శాకాహార భోజనశాల, పూజగది. మా మామగారు బ్రోచరు తెప్పించుకున్నారు. మనం వెళ్లినా నా ప్రశ్న మారదు.

పన్నుల పద్దు (న్యూజెర్సీ)

ఓటు సంగతికి ఒక చేర్పు. ది విలేజెస్ ఎక్కువ భాగం ఉన్న సమ్టర్ కౌంటీలో సగంమంది వయసు 68కి అటూఇటూ ఉంటుంది, దేశంలో అంత పెద్ద వయసు కౌంటీ లేదు. 2019లో అక్కడి కమిషనర్లు ఆస్తిపన్ను రేటు 25 శాతం పెంచారు. కొత్త పేటలకు రోడ్ల ఖర్చు డెవలపర్ మీద వేయకుండా మా మీద వేశారని జనం మండిపడ్డారు. 2020 ఎన్నికల్లో పాత కమిషనర్లు ముగ్గురిని ఇంటికి పంపారు. కచేరీలకు నాట్యం చేసే ముసలివారే కౌంటీ సమావేశాల్లో గంటల కొద్దీ నిలబడి పద్దులు అడిగారు. తప్పుకున్నవారు ఇలా చేస్తారా?

గోదారిగట్టు (టాంపా)

తమ పన్ను కోసం నిలబడ్డారు. ఒప్పుకుంటాను, అదీ పౌరధర్మమే. నేను అడిగేది చట్టంలోనే ఉంది. 80 ఇళ్లకు 55 షరతు. మిగతా 20లో ఎవరుండాలో ఊరి ఇళ్లవారి సంఘం ఇష్టం. ఆ ఇళ్లు సేవకు వచ్చేవారి కుటుంబాలకు ఎందుకు ఇవ్వరు? ఉదయం ఏడింటికి కారులో రావలసిన మనిషి నడిచి వస్తుంది.

పాత స్టెతస్కోపు (అరిజోనా)

మా సంఘంలో ఓటింగు పెడితే నేను అనుకూలంగా చెయ్యెత్తుతాను. గెలుస్తుందని మాత్రం అనుకోవడం లేదు. చెత్తబుట్ట ఏ వేళకు బయట పెట్టాలన్న దానిమీదే ఏకాభిప్రాయం రాని సంఘం మాది.

పన్నుల పద్దు (న్యూజెర్సీ)

ఆ 20 ఖాళీగా పడి ఉన్నవి కావు. భర్తకు 70, భార్యకు 50. ఆయన పోతే ఆ ఇంట్లో 55 దాటినవారు ఎవరూ లేనట్టే. తల్లి పోయి ఇల్లు 40 ఏళ్ల కొడుక్కి వచ్చినా అంతే. ఇలాంటివారిని వెళ్లగొట్టకుండా ఉండడానికే సంఘాలు ఆ వాటాను దాచుకుంటాయి. లెక్క 80 కిందికి జారితే మినహాయింపే పోయి, ఊరంతా అందరికీ తెరవాలి. ఆ భయంతోనే ఒక్క ఇల్లు కూడా వదలరు.

గోదారిగట్టు (టాంపా)

అయితే 20 వద్దు, 5 ఇవ్వండి. 15 మీ దగ్గరే ఉంచుకోండి.

తెనాలి పిన్ని (ఫ్రిమాంట్, ఆరు నెలలకు)

బేరం కుదిరితే నాకూ చెప్పండి. పాప లేచింది, వస్తాను.